నవ్వులాయన సంతకం

కళ్ళజోడు కాడ విరిగితే దారం చుట్టి నాలుగు రోజులు నెట్టుకొచ్చింది ఆమె. ఒంటి మనిషి, ఎవరు చూడొచ్చారు? ఐదో రోజు పొద్దున పాలు పొంగుతున్నాయో లేదో అని వంగి చూడబోతే జోడు కాస్తా గిన్నెలో పడింది. ఇక లాభం లేదనుకొని, పాల వాసన పోయేదాకా రెండుసార్లు కడిగి, రుమాల్లో చుట్టుకొని వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది.

అది ఎంత దుకాణమంటే, ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు మెట్టు మీద నిలబడాల్సిందే. కళ్ళజోళ్ళాయనకు యాభై ఏళ్ళుంటాయి. పెదాల మధ్య బుల్లి స్క్రూ పట్టుకొని, దానికంటే బుల్లి స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకొని, జోడును దీపం కిందికి తిప్పి చూశాడు.

"దారం గట్టిగానే చుట్టారమ్మా. ఇంకో నాలుగు రోజులాగితే జోడు పోయి దారమే మిగిలేది."

"ఎగతాళి తర్వాత చేద్దురుగాని, ముందు బిగించండి బాబూ."

కొత్త కాడ వేశాడు. చెవుల వెనక వంపు సరిపోయిందో లేదో వేలితో తడిమి చూశాడు. "ఎక్కడైనా దూరంగా ఉన్నది చూడండి. అక్షరాలు తెలుస్తున్నాయా?"

ఆమె తలెత్తింది. బల్ల వెనక తెర పక్కకు జరిగి ఉంది. లోపలి గది గోడ నిండా ఫ్రేములు. నడిమధ్యన నవ్వులాయన బొమ్మ, ఒక కనుబొమ పైకి, ఒకటి కిందికి, టోపీ చెవి మీదికి జారిపోతూ. సినిమాల్లో ముప్ఫై ఏళ్ళపాటు జనాన్ని పొట్ట పట్టుకొని నవ్వించిన మనిషి. బొమ్మ కింద సంతకం. మొదటి అక్షరం నోరు తెరిచినట్టు పెద్దగా ఉంది. చివరి అక్షరం తోక ఎడమవైపు తిరిగి, పేరు మొత్తం కిందుగా నడిచి, ఒక చుక్క దగ్గర ఆగింది.

ఆ చుక్క ఆమెదే. సంతకం అయ్యాక కలం ఎత్తేముందు ఊపిరి వదలడం ఆమెకు అలవాటు. ఆ ఊపిరికి కలం నొక్కుకొని చుక్క పడేది. ఇరవై ఏళ్ళ తర్వాత అది పరాయి గోడ మీద కనిపించింది.

"తెలుస్తున్నాయి" అంది.

ఆమె చూపు ఎక్కడ ఆగిందో కళ్ళజోళ్ళాయన పసిగట్టేశాడు. గోడ వంక చూసినవాళ్ళను ఊరికే పోనిచ్చే మనిషి కాదు. "మీకూ ఆయనంటే ఇష్టమేనా?" అని అడిగాడు. జవాబు పూర్తిగా వినకుండానే బల్ల పలక ఎత్తి, "రండి రండి, చెప్పులుంచుకొనే రండి, పర్లేదు" అంటూ లోపలికి తీసుకెళ్ళాడు.

పడక, పొయ్యి, బట్టల తాడు, అన్నీ ఒక మూలకు ముడుచుకొని గోడలకు చోటిచ్చాయి. బొమ్మలు, పాత సినిమా కరపత్రాలు, ఒక టోపీ, ఒక చేతికర్ర, ఒక అరిగిన గ్రామఫోను రికార్డు. అన్నిటి మీదా సంతకాలు. ఒక గాజు పెట్టెలో విరిగిన చేతికి వేసే పిండికట్టు ముక్క కూడా ఉంది.

"అరవై మూడు" అన్నాడు ఆయన, పిల్లల్ని వరసగా నిలబెట్టి చూపించే తండ్రిలా. "ముప్ఫై ఏళ్ళ కష్టం. ఒక్కటంటే ఒక్కటి నకిలీ లేదు. వచ్చే ఆదివారం లైబ్రరీ పైహాల్లో ప్రదర్శన. ఆయన పోయి ఏడాదవుతోంది కదా. వాళ్ళే అడిగారు, నా అంతట నేను పోలేదు."

ఆమె పిండికట్టు వంక చూస్తోంది. ఎవరో అభిమాని సంతకం కోసం దాన్ని పార్శిల్లో పంపిన రోజు గుర్తుంది. లోపల చీమలు బారుకట్టి ఉన్నాయి. సంతకం పెడుతుంటే తెల్లటి పొడి ఒళ్ళో రాలి, సాయంత్రందాకా దులుపుకుంటూనే ఉంది.

నవ్వులాయన ఆఫీసులో చేరిన మొదటిరోజే మేనేజరు చెప్పాడు: "ఉత్తరాలకు జవాబులు రాసేదీ, సంతకాలు పెట్టేదీ మనమేనని బయట తెలియకూడదమ్మాయ్. పెదవి దాటితే పృథివి దాటుతుంది." పద్దెనిమిదేళ్ళు అక్కడ పనిచేసింది. ఒక్కరికి చెప్పలేదు. సొంత చెల్లెలికి కూడా టైపు పని అనే చెప్పింది. అలాంటిది ఇవాళ ఏమైందో ఏమో, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మా ఇంట్లోనూ ఒకటుంది బాబూ" అంది.

"అయ్యో, మరి చెప్పరే! రేపే పట్టుకురండి. అరవై నాలుగు చేద్దాం."

ఇంటికొచ్చి బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్న బొమ్మను జాగ్రత్తగా ఊడదీసింది. ఆమెకున్న ఆస్తి అదొక్కటే అంటే అబద్ధం, పింఛనుంది, రెండు గదుల ఇల్లుంది. కానీ ఇల్లు అంటుకుంటే ఏం పట్టుకొని పరిగెత్తుతావంటే ఇదే చెబుతుంది. "కృతజ్ఞతలతో" అని ఒక ముక్క, కింద సంతకం. అంతే.

ఆఫీసు మూసేసిన రోజు అది చేతికొచ్చింది. సార్, అంటే నవ్వులాయన, బయటికి రాలేదు. ఆయన ఎప్పుడూ బయటికొచ్చే మనిషి కాదు. తెరమీద అంత గోల చేసేవాడు ఇంట్లో మాట పెగలనట్టుండేవాడు, రోజంతా కలిపి ఆమెతో నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆమె గేటు దగ్గర కళ్ళు తుడుచుకుంటుంటే డ్రైవరు పరిగెత్తుకొచ్చి ఒక గోధుమరంగు కవరు చేతిలో పెట్టాడు. "సార్ ఇమ్మన్నారమ్మా" అన్నాడు. రోజూ సాయంత్రం ఆమె రాసిన జవాబుల కట్టంతా కారులో వేసుకొని, సార్‌ను షూటింగుకు దింపి, దారిలో కవర్లు అంటించి పోస్టులో వేసేది అతనే. మంచివాడు.

రాత్రి చెల్లెలు ఫోను చేసింది. "ఏం చేస్తున్నావక్కా?"

"సార్ బొమ్మ చూస్తున్నా."

"ఆ ముసలాయన బొమ్మ ఇంకా దాచావా? నీ పెళ్ళి ఫోటో అయినా అంత భద్రంగా ఉండేది కాదే!"

"పెళ్ళయితే కదా ఫోటో ఉండటానికి."

"అదే అంటున్నా" అని చెల్లెలు నవ్వి, మనవడి దగ్గు సంగతి చెప్పడంలో పడింది. ఆమె ఊఁ కొడుతూ బొమ్మ అంచు మీద అంటుకున్న జిగురును గోటితో గీకింది.

మర్నాడు కళ్ళజోళ్ళాయన బొమ్మను గాజు పలక మీద పరిచి, కింద దీపం వెలిగించి, కంటికి భూతద్దం బిగించుకొని వంగాడు. పక్కన తన బొమ్మలు మూడు పెట్టుకున్నాడు. ఆమెకు ఎందుకో పరీక్ష హాల్లో కూర్చున్నట్టు అనిపించింది.

"అమ్మా, మరోలా అనుకోకండి." అద్దం తీసి కన్ను నులుముకున్నాడు. "ఇది ఆయనది కాదు."

"కాదా?"

"ఇదిగో చూడండి, గీత ఇక్కడ వణికింది. ఇక్కడ ఏకంగా విరిగింది. దొంగసంతకం పెట్టేవాడి చేయి ఇలాగే ఆగి ఆగి పోతుంది, భయం కదా. ఇప్పుడు ఇది చూడండి, అసలు ఆయన చేయి. ఏకబిగిన! ఎక్కడా తడబాటు లేదు. తోక వెళ్ళి చుక్క దగ్గర ఆగిందా? ఆ చుక్కే గుర్తు. చుక్క లేకపోతే కళ్ళు మూసుకొని చెప్పేయొచ్చు, ఆయనది కాదని."

ఆమెకు నవ్వొచ్చింది. నా చుక్కకు ఎంత గౌరవం దక్కిందిరా నాయనా అనుకుంది.

"ఎవరిచ్చారు మీకు?"

"డ్రైవరు. వాళ్ళ డ్రైవరే."

"ఇంకేం మరి! డ్రైవర్లు, వంటవాళ్ళు ఇలా చాలామందికి పెట్టి ఇచ్చేవాళ్ళమ్మా. పాపం మీ తప్పేం లేదు. మిమ్మల్ని చూసి జాలిపడి ఉంటాడు."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆయన బొమ్మ మళ్ళీ ఒకసారి చూస్తానంటే అక్కడే వదిలేసి బయటికొచ్చింది. వీధిలో నడుస్తుంటే ఆ మాటే చెవిలో జోరీగలా పోరుపెట్టింది. జాలిపడి ఉంటాడు. కళ్ళజోళ్ళాయన చెప్పిన లెక్క అంతా తప్పు, అది ఆమెకు తెలుసు. ఆమె చేతిరాతను కొలబద్దగా పెట్టుకొని సార్ చేతిని కొలుస్తున్నాడు. కానీ సార్ చేయి ఎలా ఉంటుందో తనకు మాత్రం తెలుసా? ఆ సంతకం తనకు నేర్పింది తనకంటే ముందున్న ముసలి గుమాస్తా. ఆయనకెవరు నేర్పారో ఆయనకే ఎరుక. సార్ కలం పట్టుకోగా ఆమె ఒక్కనాడూ చూడలేదు. డ్రైవరు మంచివాడు. గేటు దగ్గర ఏడుస్తున్న మనిషిని చూసి, అయ్యో ఉత్త చేతుల్తో పోతోందే అని తనే గీకి ఇచ్చి ఉంటే? ఊరూపేరూ తెలియని వేలమందికి తను చేసిన పని అదే కదా. తనకూ ఒకరు చేశారు. అంతే.

ఇన్నేళ్ళూ ఆ ఒక్క ముక్క చూసుకొని, ఆయనకు నేనొకదాన్ని ఉన్నానని గుర్తుంది అనుకుంది. అది కూడా డ్రైవరు జాలేనా? ఇంటి తాళం తీస్తుంటే కన్నీళ్ళు ఆగలేదు. లోపలికి పోయి, బీరువా తలుపు మీద బొమ్మ ఉన్న చోట నాలుగు జిగురు మరకలు చూసి, గట్టిగానే ఏడ్చింది. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి మొహమాటపడాల్సిన పనిలేకపోయింది.

పొద్దున లేచేసరికి ఒక ఆలోచన వచ్చింది. సార్ తన చేత్తో పెట్టిన సంతకం ఒక్కటి, ఎక్కడైనా ఒక్కటి దొరికితే చాలు. పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కళ్ళజోళ్ళాయన దగ్గర అరవై మూడున్నాయి. అన్నీ తనవే అవుతాయా?

దుకాణానికి వెళ్ళి, "ప్రదర్శనకు చీటీలు రాయాలి కదా, ఎవరు రాస్తున్నారు?" అని అడిగింది.

"నేనే. నా రాత చూస్తే కోడిపిల్ల సిరాలో తొక్కినట్టుంటుంది."

"నాకివ్వండి. నా రాత బాగుంటుంది."

అలా మూడు రోజులు ఆ లోపలి గదిలో కూర్చుంది. ఆయన ఒక్కో ఫ్రేము గోడమీంచి దింపి, గుడ్డతో అద్దం తుడిచి, ఎక్కడ దొరికింది, ఎవరిదగ్గర సంపాదించాడు చెబుతాడు. ఆమె అట్టముక్క మీద రాస్తుంది. మామూలు రాతలోనే రాసింది. సార్ రాత, మేనేజరు రాత, సొంత రాత, మూడూ ఆమె చేతిలో మూడు వేరువేరు గదుల్లో ఉండేవి. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి ఎప్పుడూ పోనిచ్చేది కాదు.

చీటీ రాసేముందు ఫ్రేమును ఒళ్ళో పెట్టుకొని సంతకం మీదికి వంగేది. ఇది తనది. ఇదీ తనదే, ఎండాకాలంలో పెట్టింది, చెమటకు సిరా పాకింది. ఇది ముసలి గుమాస్తాది, ఆయన లావుపాళీ వాడేవాడు. టోపీ తనది. చేతికర్ర తనది. కర్ర గుండ్రంగా ఉంటుంది కదా, సంతకం తిరగక మోకాళ్ళ మధ్య ఇరికించుకొని పెట్టింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే తాను ముట్టని వస్తువు ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఇల్లంతా గాలిస్తోంది.

"మీకు ఇంత ఓపికేంటమ్మా? ఒక్కోదాన్నీ కొరుక్కుతినేలా చూస్తున్నారు!" అన్నాడు కళ్ళజోళ్ళాయన రెండోరోజు.

"మీకంటేనా? పెళ్ళీ పెటాకులూ లేకుండా వీటిని పెట్టుకొని కూర్చున్నారు."

"ఒకసారి చూపులకొచ్చారు. ఆ అమ్మాయి గోడ చూసింది, నన్ను చూసింది, ఈ ఇంట్లో ఎవరి పక్కన పడుకోవాలీ అంది. వాళ్ళ నాన్న మంచినీళ్ళు కూడా తాగకుండా లేచాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మధ్యాహ్నం ఆయన గోడకు ఎదురుగా కూర్చొని డబ్బా విప్పి తిన్నాడు. తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడటం అలవాటు లేనట్టుంది, నమిలే చప్పుడు తప్ప ఏం వినపడలేదు. ఆమె కూడా ఇంట్లో అలాగే తింటుంది. ఇద్దరు ఒంటిమనుషులు ఒక గదిలో కూర్చున్నంత మాత్రాన జంటయిపోరు.

శుక్రవారం సాయంత్రానికి అరవై మూడో చీటీ అయిపోయింది. నలభై ఎనిమిది తనవి, పదిహేను ముసలి గుమాస్తావి. సార్‌ది ఒక్కటీ లేదు. కలం మూత పెట్టి, మెడ పట్టేస్తే నొక్కుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఇక తెలిసే దారి లేదు. డ్రైవరు పోయి పదేళ్ళయింది, సార్ పోయి ఏడాది.

"ఇంకొకటుంది" అన్నాడు కళ్ళజోళ్ళాయన, దీపం ఆర్పుతూ. "దాన్ని లెక్కలో కలపను. నా పడక పక్కన గోడకు ఉంటుంది. ఉత్తరం. నాకే రాసింది. రేపు తెస్తాను హాలుకు. దానికి చీటీ నేనే రాసుకుంటా, ఏమీ అనుకోకండి."

ఆమె తలూపింది. ఉత్తరమంటే ఇక చెప్పేదేముంది, అన్నీ తను రాసినవే.

శనివారం లైబ్రరీ మెట్లెక్కి పైహాల్లోకి వెళ్ళేసరికి ఫ్రేములు అన్నీ వరసగా తగిలించి ఉన్నాయి. కళ్ళజోళ్ళాయన నిచ్చెనమీద నిలబడి చివరి మేకు కొడుతున్నాడు. తలుపు పక్కనే కొత్తగా ఒక పెద్ద అట్ట నిలబెట్టారు. పైన లావుపాటి అక్షరాలతో "నకిలీని గుర్తుపట్టడం ఎలా?" అని ఉంది. కింద ఆమె బొమ్మ. గుండుసూదులతో నాలుగు మూలలా గుచ్చి ఉంది. సంతకం మీదికి ఎర్ర బాణాలు. చేయి వణికింది. గీత విరిగింది. చుక్క లేదు.

ఒళ్ళు మండిపోయింది.

"ఎవరినడిగి పెట్టారిది?"

"అయ్యో, మీరొచ్చాక చెబుదామనుకున్నానమ్మా. జనానికి పనికొస్తుంది కదా అని. మీ పేరేం రాయలేదు..."

"పేరు రాయలేదట! దిగు. ముందు ఆ నిచ్చెన దిగు." అంతవరకూ మీరు అన్న నోరు ఎప్పుడు నువ్వులోకి మారిందో ఆమెకే తెలియలేదు. "నకిలీ సంగతి నేను చెబుతా విను. ఆ గోడకున్నవన్నీ నకిలీవే. నలభై ఎనిమిది నేను పెట్టాను. పదిహేను నాకంటే ముందు గుమాస్తా పెట్టాడు. ఆయన ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు నేను చేసిన పని అదే. నువ్వు మొక్కుతున్న ఆ చుక్క నేను ఊపిరి వదిలితే పడింది."

ఆయన మొదట నవ్వాడు. "మీకు బాధ కలిగింది, అర్థమైందమ్మా. అందుకని అలా..."

"ఆ పిండికట్టు ఎడమచేతిది. గాజుపెట్టె తెరిచి లోపలివైపు చూడు, మోచేతి దగ్గర నీలం సిరా మరక ఉంటుంది. అక్కడ పట్టుకొనే పెట్టాను. కర్రమీద సంతకం మూడో అక్షరం దగ్గర పక్కకు పోయింది, మోకాళ్ళ మధ్యనుంచి జారింది కాబట్టి."

కళ్ళజోళ్ళాయన గాజుపెట్టె దాకా వెళ్ళి, తెరవకుండానే నిలబడిపోయాడు. ఆ మరక ఆయనకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. నిచ్చెన అడుగు మెట్టుమీద కూలబడ్డాడు. అది చూసి ఆమెకు కోపం దిగిపోయింది, దాని వెనకే భయం కూడా పట్టుకుంది. చేతులారా ఒక మనిషి ఇల్లు కూల్చాను కదా అనిపించింది.

కాసేపటికి లేచి, సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఫ్రేము తీశాడు. అద్దం తనవైపు తిప్పుకొని గుండెకు హత్తుకున్నాడు.

"అయితే ఇందులో ఏముందో చెప్పండి. చూడకుండా చెప్పండి. నాకప్పుడు పదహారేళ్ళు. అమ్మ పోయింది. ఆయనకు ఉత్తరం రాశాను. నేనేమని రాశాను?"

వేల ఉత్తరాలు వచ్చేవి. ఎవరికి గుర్తుంటాయి? ఆమె ఆ చేతులనూ, ఫ్రేము అంచు పట్టుకొని తెల్లబడ్డ వేళ్ళనూ చూసింది.

"అమ్మ పోయిన వారానికి నీ స్నేహితులు సినిమాకు లాక్కెళ్ళారు. నవ్వులాయన నిచ్చెనమీంచి పడితే నవ్వావు. గట్టిగా నవ్వావు. ఇంటికొచ్చి, అమ్మ పోతే నవ్విన కొడుకును నేనొక్కణ్ణేనా అని రాశావు" అంది. "నువ్వేనా నాయనా అది?"

ఆయన తలూపాడు.

"జవాబు చెప్పనా? బాబూ, నవ్వొచ్చినందుకు సిగ్గుపడకు. ఏడుపు ఇంటిమనిషి, ఎక్కడికీ పోదు. నవ్వు ఎప్పుడో వచ్చిపోయే చుట్టం, తలుపు వేసెయ్యకు. మీ అమ్మ చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయని రాశావు. ఉండనీ. ఎప్పుడు తీయాలో నీకే తెలుస్తుంది. తీసినరోజు ఒకసారి నీ కాళ్ళకు వేసుకొని చూడు. నీకు చిన్నవైపోయి ఉంటాయి. అప్పుడు లోపల పెట్టు. వేళకు తిను. అంతే."

"అంతేనా?"

"అంతే. కింద సంతకం. చుక్క."

ఆయన ఫ్రేమును బల్లమీద బోర్లా పెట్టాడు. జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీశాడు. వెనక అట్టను పట్టి ఉంచిన మేకులు ఒక్కొక్కటే ఎత్తాడు. అట్ట తీశాడు. కాగితం కిందివైపు నాలుగు వేళ్ళ మేర వెనక్కి మడిచి ఉంది. మడత పాతబడి పసుపురంగు తేలింది.

"నేనే మడిచాను" అన్నాడు. "వచ్చిన రోజే. మళ్ళీ విప్పలేదు."

మడత విప్పి ఆమె ముందుకు జరిపాడు.

చుక్క కింద పెన్సిలుతో నాలుగైదు వరసలున్నాయి. అక్షరాలు ఎగిరిపడుతున్నాయి, గీతలు వణుకుతూ మధ్యమధ్యలో తెగిపోయి ఉన్నాయి. ఆమె కళ్ళజోడు సర్దుకొని చదివింది.

"బాబూ, కారులో రాస్తున్నాను, కుదుపులు. పై ఉత్తరం నాది కాదు. మా ఆఫీసులో అమ్మాయి రాసింది. వాళ్ళమ్మ పోయి పది రోజులు కాలేదు. మాకు జ్వరమని చెప్పి రెండు రోజులు మానేసి, మూడోరోజు వచ్చి కూర్చొని ఇది రాసింది. నాకు తెలుసని తనకు తెలియదు. ఏమని పలకరించాలో నాకు తెలియలేదు. నేను రాస్తే నిన్ను నవ్వించాలని చూసేవాణ్ణి. తను నిజం రాసింది. నమ్ము."

కింద సంతకం. విరిగిన గీత, వణికిన తోక. చుక్క లేదు.

ఆమె తలుపు పక్క అట్ట దగ్గరికి వెళ్ళలేదు. పక్కన పెట్టి చూసుకోవాల్సిన అవసరం లేదు. అదే చేయి, అదే కుదుపు. తన బొమ్మ మీదా ఆయన ముందే ఎప్పుడో కారులోనే పెట్టి ఉంటాడు. కాగితం మీద వేలు పెట్టబోయి, పెన్సిలు చెరిగిపోతుందేమోనని వెనక్కి తీసుకుంది.

"ఆయనకు తెలుసు" అంది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. "తెలుసుట. పలకరించడం తెలియలేదుట." అని, పక్కనున్న కుర్చీలో కూర్చొని కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. లోకాన్ని నవ్వించే మనిషికి పక్కగదిలో పిల్లను పలకరించడం చేతకాలేదు మరి, నవ్వరా!

కళ్ళజోళ్ళాయన ఆమె వంక చూడలేక నేలమీద రాలిన మేకులు ఏరుకుంటున్నాడు. "నాకు కోపమొచ్చిందమ్మా అప్పుడు" అన్నాడు. "నవ్వులాయన స్వయంగా తిను అన్నాడు కదా అని ఆ పూట తిన్నాను. తర్వాత కింద చదివితే, ఎవరో ఆఫీసు అమ్మాయట. ఎవరో కుళ్ళుకొని గీకారనుకున్నా. అలా అనుకోవడమే నాకు కావాలి. మడిచేశాను. అప్పట్నుంచీ ఆయనవని చెప్పినవన్నీ ఏరుకుంటూ వచ్చాను, ఒక్కొక్కటీ దానికి సాక్ష్యమన్నట్టు."

"పిల్లాడివి."

"ఇప్పుడు పిల్లాణ్ణి కాదుగా. ఇందాకటిదాకా మడిచే ఉంది."

లేచి అట్ట దగ్గరికి వెళ్ళాడు. గుండుసూదులు తీసి, బొమ్మకు గీత పడకుండా బాణాలు ఊడదీసి, రెండు చేతుల్తో పట్టుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ తర్వాత హాలు మొత్తం ఒకసారి చూశాడు. అరవై మూడు సంతకాలు, వాటి కింద ఆమె రాసిన అరవై మూడు చీటీలు. రేపు పొద్దున తలుపులు తీస్తారు.

"వీటి సంగతేం చేద్దాం?" అంది ఆమె. "నేనెవరికీ చెప్పను. ఇన్నేళ్ళూ చెప్పలేదు."

"చీటీలు మళ్ళీ రాయాలి" అన్నాడు ఆయన. "ఎవరి చేయి ఏదో మీరు చెప్పండి. ఈసారి నేను రాస్తాను. కోడిపిల్ల తొక్కినట్టున్నా సరే."

"జనం నవ్విపోతారు నిన్ను. ముప్ఫై ఏళ్ళ కష్టమన్నావు."

"నవ్వనివ్వండి."

ఆమెకు ఆయనమీద జాలేసింది, తనమీద కూడా వేసింది. కిటికీలోంచి కింద వీధిలో బండ్ల చప్పుడు వినిపిస్తోంది. కళ్ళజోళ్ళాయన కుర్చీ ఒకటి లాక్కొచ్చి ఆమెకెదురుగా వేసుకున్నాడు. ఖాళీ అట్టముక్కలు, కలం బల్లమీద పెట్టుకున్నాడు. మొదటి చీటీ తీసుకొని, ఏమీ రాయకుండా పక్కన పెట్టేశాడు.

"అమ్మా" అన్నాడు, "మీ అమ్మగారికి ఏమైంది?"

ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట ఆమెను అడిగిన మనిషి ఆయనొక్కడే. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మామూలు జలుబే అనుకున్నాం నాయనా" అని మొదలుపెట్టింది.